డైవ్ కంప్యూటర్ మీ ఒంట్లోకి తొంగి చూడదు

ఒకే పడవ నుంచి ఒకేసారి దూకినా, 30 మీటర్ల లోతులో మీ డైవ్ కంప్యూటర్ (నీళ్లలో ఇంకెంతసేపు ఉండొచ్చో చూపించే, చేతికి కట్టుకునే పరికరం) ఇంకా 5 నిమిషాలు ఉండొచ్చంటే, మీ బడ్డీది, అంటే మీతో జంటగా దిగినతనిది, 9 అంది. ఏది నమ్మాలి, అసలు ఒంట్లో నైట్రోజన్ ఎంతుందో దానికెలా తెలుసు అని కదా అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నది: తక్కువ చూపించినదాన్నే నమ్మండి. రెండోదానికే కాస్త కథ ఉంది. లోతులో ఒత్తిడికి, పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఎక్కువ చేరుతుంది. మరీ ఎక్కువ చేరాక నేరుగా పైకొచ్చేస్తే అది బుడగలై కీళ్లనొప్పులు, అంతకన్నా పెద్ద ప్రమాదాలూ తెస్తుంది.

ఒంట్లో అది ఎంతుందో కంప్యూటర్‌కి తెలీదండీ. అందులో ఉండేవి ఒత్తిడి కొలిచే సెన్సర్, గడియారం, నీళ్ల చల్లదనం చూసేది ఇంకోటి. మణికట్టుకి అంటుకునే ఉంటుంది కాబట్టి ఆయుర్వేద వైద్యుడు నాడి చూసినట్టు ఏదో పసిగడుతుందని నేనూ చాన్నాళ్లు అనుకున్నాను. ఆ భ్రమ అండమాన్‌లో వదిలింది.

స్వరాజ్ ద్వీప్‌లో, అదే మన పాత హ్యావ్‌లాక్‌లో, పొద్దున ఒక డైవ్ చేసి పడవెక్కాం. గంట తర్వాత రెండో డైవ్. సర్దుకుంటుంటే నా కంప్యూటర్ బ్యాటరీ కాస్తా అయిపోయి తెర నల్లబడింది. పడవలో అద్దెకిచ్చేది ఒకటుంటే చేతికి కట్టుకుని, ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో ముందే చూపించే ప్లాన్ మోడ్ చూశాను. 18 మీటర్లకి 50 నిమిషాల పైనే! "నాదానికన్నా ఇదే నయం" అన్నాను. ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. నా చెయ్యి పట్టుకుని దాన్ని విప్పేశాడు. "అన్నా, పొద్దున 28 మీటర్లకి పోయొచ్చింది నువ్వు, ఇది కాదు. ఇది డబ్బాలో పడుకునుంది. దీని లెక్కలో నువ్వింకా గట్టు మీదే ఉన్నావు" అని పడవలోనే కూర్చోబెట్టాడు. డబ్బు కట్టిన డైవ్ పోయిందని ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు.

అతను చెప్పిందే అసలు సంగతి. కంప్యూటర్ రాసేది పద్దు. మీరు ఎంత లోతులో ఎంతసేపున్నారో కొన్ని సెకన్లకోసారి చూసుకుంటూ, ఒక ఊహామనిషి ఒంట్లోకి ఎంత నైట్రోజన్ చేరి ఉంటుందో లెక్క కడుతూ పోతుంది.

లెక్క ఎలాగంటే, వంటింట్లో నానబోయడం గుర్తు తెచ్చుకోండి. అటుకులు నీళ్లు తగిలితే చాలు, మెత్తబడతాయి. బియ్యానికి గంటలు పడుతుంది. శనగలకి రాత్రంతా కావాలి. ఒంట్లోనూ అంతే. రక్తం బాగా పారే చోట నైట్రోజన్ చకచకా నిండుతుంది, అంతే చకచకా ఖాళీ అవుతుంది. పారని చోట రెండూ నెమ్మదే. బ్రిటన్‌లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో ఒంటిని 5 భాగాలుగా ఊహించి లెక్క కట్టాడు. మేకలే ఎందుకంటే, కీళ్లనొప్పి వస్తే అవి కాలు పైకెత్తి పట్టుకుంటాయి, చూస్తే తెలిసిపోతుంది. తర్వాత జ్యూరిక్‌లో బూల్‌మన్ అనే డాక్టరు ఆ భాగాలను 16 చేశాడు. ఇప్పటి కంప్యూటర్లు చాలావాటిలో ఉండేది ఆ లెక్కే, లేదంటే దాని చుట్టాలు. సగం నిండటానికి అన్నిటికన్నా వేగమైన భాగానికి 4 నిమిషాలు, అన్నిటికన్నా మందకొడి భాగానికి 635 నిమిషాలు. ఇది మెదడు, ఇది మోకాలు అని వాటికి పేర్లేం లేవు, లెక్క కోసం పెట్టుకున్న డబ్బాలు.

మీ 30 మీటర్లనే తీసుకుందాం. అక్కడ ఒత్తిడి 4 బార్ (ఒడ్డున గాలి ఒత్తిడి దాదాపు 1 బార్). పీల్చే గాలిలో నైట్రోజన్ వాటా దాదాపు 3.1 బార్. ఒడ్డున ఉన్నప్పుడు ఒంట్లో ఉండేది 0.74. ఇప్పుడు 8 నిమిషాల డబ్బాను, అంటే సగం నిండటానికి 8 నిమిషాలు పట్టేదాన్ని, చూడండి. 8 నిమిషాలకి తేడాలో సగం నిండి 1.93 అవుతుంది. ఇంకో 8 నిమిషాలకి మిగిలిన దాంట్లో సగం, అంటే 2.52. ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి రావడానికి ఆ డబ్బాకి బూల్‌మన్ పెట్టిన హద్దు 2.54. అందుకే 16 నిమిషాలు దాటేసరికి తెర మీద మిగిలిన సమయం సున్నా అవుతుంది. తమాషా ఏంటంటే, 4 నిమిషాల డబ్బా అప్పటికే ఇంకా ఎక్కువ నిండి ఉంటుంది, కానీ దాని హద్దు 3.24, ఆ లోతులో ఎంతసేపున్నా దాటలేదు. 635 నిమిషాల డబ్బాకైతే ఈ 16 నిమిషాలూ చీమకుట్టినట్టు కూడా ఉండదు, 0.74 కాస్తా 0.78 అవుతుంది. పదహారింటిలో ఏది ముందు హద్దు తాకితే దాని మాటే చెల్లుతుంది. హద్దు దాటితే "3 మీటర్ల దగ్గర ఆగు, ఇన్ని నిమిషాలు" అంటుంది.

మరి మీ ఇద్దరివీ ఎందుకు తేడా? ఆ హద్దును ఎంత దగ్గరదాకా తాకనివ్వాలో సెట్టింగ్ ఉంటుంది. దాన్ని గ్రేడియంట్ ఫ్యాక్టర్ అంటారు. పై లెక్కలో ఒడ్డు ఒత్తిడి 1 బార్ నుంచి హద్దు 2.54 దాకా ఉన్న దూరంలో 85 శాతం దగ్గరే ఆగమంటే, 16 నిమిషాలు కాస్తా పన్నెండున్నరకి దిగుతాయి. మీ నాలుగు నిమిషాల తేడాకి అదొక్కటే చాలు. కంపెనీ మారితే లెక్క పద్ధతే వేరు కావచ్చు. మీకన్నా బడ్డీ రెండు మీటర్లు పైన ఈదినా, పొద్దున డైవ్‌కి రాకపోయినా అంకె మారుతుంది.

దాని పద్దులోకి ఎక్కనివి చాలా ఉన్నాయి. రాత్రి తాగారా, నీళ్లు సరిగ్గా తాగలేదా, ప్రవాహానికి ఎదురీది అలిసిపోయారా, చలికి వణికారా, ఇవేవీ మామూలు కంప్యూటర్‌కి తెలియవు. అందుకని నేను సున్నా దాకా ఎప్పుడూ పోను. 5 నిమిషాలు మిగలగానే పైకి పోదామని బడ్డీకి బొటనవేలు పైకి చూపిస్తాను. నిమిషానికి 9 మీటర్లకి మించకుండా లేస్తాను, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతాను.

విమానం సంగతీ ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అండమాన్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. క్యాబిన్‌లో ఒత్తిడి 0.75 బార్ దాకా తగ్గొచ్చు. నెమ్మది డబ్బాలు ఇంకా ఖాళీ కాకుండానే మీరు ఒడ్డుకన్నా పైకి వెళ్తున్నట్టు లెక్క. వరుసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే చివరి రోజంతా బీచ్‌కే వదిలేస్తాను.

ఈసారి దిగేముందు పడవలోనే ఇద్దరూ మెనూ తెరిచి, ఎంత జాగ్రత్తగా లెక్క కట్టాలో చెప్పే కన్సర్వేటివ్ సెట్టింగ్ ఎంతుందో పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీది ఎక్కువ జాగ్రత్తలో ఉంటే, బడ్డీ కోసం దాన్ని తగ్గించకండి. అతన్నే మీ అంకెకి లేవమనండి.