డాక్టర్ సలహా: షుగర్ బోర్డర్‌లో ఉంది.. పొద్దున్నే ఆవిరి బన్నులు తినొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఈమధ్య చేయించిన పరీక్షల్లో ఫాస్టింగ్ షుగర్ 112, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. మందులు అవసరం లేదు, తిండి విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. నూనె ఉండదు కదా అని పొద్దున పూట ఇంట్లోనే ఆవిరి బన్నులు (మైదాను ఈస్ట్‌తో పొంగించి ఆవిరి మీద ఉడికించేవి) చేయడం మొదలుపెట్టాను. మూడు బన్నులు, ఓ కప్పు టీ. చాలా ఇష్టంగా తింటున్నాను. కానీ పదకొండు కాకుండానే మళ్లీ ఆకలి, నీరసం. కడుపు ఉబ్బరంగా కూడా ఉంటోంది. ఇదంతా ఈస్ట్ వల్లేనా? బన్నులు మానేయాలా? బీపీ ఉన్న మావారు, పళ్లు సరిగా లేని 74 ఏళ్ల మా అత్తగారు కూడా ఇవే తింటున్నారు. వాళ్లకేమైనా ఇబ్బందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదు. ఇష్టంగా తింటున్న టిఫిన్‌ను ఒక్కసారిగా మానేయమంటే ఎవరూ ఎక్కువ రోజులు పాటించరు కూడా. కాకపోతే మూడు బన్నులూ టీతోనే సరిపెట్టుకోవడం మాత్రం మార్చాలి.

నూనె తగ్గించాలనుకోవడం మంచి ఆలోచనే. వేయించిన వాటితో పోలిస్తే ఆవిరి మీద ఉడికిన వాటిలో కేలరీలు తక్కువ. పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటిన వేడిలో వేయించినప్పుడో కాల్చినప్పుడో పుట్టే, క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానమున్న అక్రిలమైడ్ అనే రసాయనం కూడా ఆవిరిలో ఉడికితే దాదాపు తయారవదు. అయితే మీ రిపోర్టులో తేడా వచ్చింది షుగర్‌లో. దానికి చూడాల్సింది పళ్లెంలో మైదా ఎంతుంది, దానికి తోడుగా ఏముంది అన్నది.

ముందు మీ అంకెల సంగతి. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష. అది 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కు ముందు దశ. 6.5, ఆపైన అయితే డయాబెటిస్. ఫాస్టింగ్‌లో 100 నుంచి 125 మధ్య ఉన్నా ప్రీడయాబెటిస్ కిందికే వస్తుంది. మీ రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ల్యాబ్ పొరపాటేమో అన్న అనుమానం పెట్టుకోకండి. అలాగని టెన్షన్ పడాల్సిన పరిస్థితీ కాదు. తిండితో, నడకతో వెనక్కి తిప్పుకోగలిగిన దశలోనే ఉన్నారు.

ఇప్పుడు బన్ను లెక్క చూద్దాం. మీ దగ్గర వంటింటి తూకం ఉంటే రేపు పిండి ముద్దలు చేసేటప్పుడు ఒకటి తూచి చూడండి. అరచేతిలో నిండుగా కూర్చునే ముద్ద సాధారణంగా 60 గ్రాములు తూగుతుంది. అందులో నీళ్లు పోగా మైదా 35 గ్రాముల పైనే ఉంటుంది. పిండి పొంగడానికి, రుచికి కలిపే పంచదార కూడా చేర్చుకుంటే ఒక్కో బన్నులో సుమారు 30 గ్రాముల కార్బోహైడ్రేట్లు. మూడింటికి 90. టీలో రెండు చెంచాల పంచదార వేసుకుంటే ఇంకో 8 నుంచి 10. అంటే పొద్దున్నే 100 గ్రాములు. అదే మూడు బన్నుల్లో ప్రొటీన్ 10, 11 గ్రాములు, పీచు మూడు గ్రాములకు అటూ ఇటూ. మీకు పదకొండుకల్లా ఎందుకు ఆకలేస్తోందో సగం సమాధానం ఇక్కడే ఉంది.

మిగతా సగం మైదా స్వభావంలో ఉంది. గోధుమ గింజ పైపొట్టునీ మొలకనీ తీసేసి మెత్తగా ఆడించిన పిండి అది. దాన్ని ఈస్ట్‌తో పొంగించి, తడి ఆవిరిలో ఉడికిస్తాం. పిండిలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, లోపలంతా గాలి గదులు ఏర్పడతాయి. జీర్ణరసాలకు అడ్డే ఉండదు. పంచదార వేయని బన్ను ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని మింగకుండా ఓ నిమిషం నమిలి చూడండి, తియ్యగా అనిపిస్తుంది. లాలాజలంలోని ఎంజైమ్ అప్పుడే స్టార్చ్‌ను విరగ్గొట్టడం మొదలుపెట్టిందన్నమాట. అందుకే తెల్ల మైదా బన్నుల గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 70 దాటి, ఎక్కువ వర్గంలోకి వస్తుంది. రక్తంలో షుగర్ వేగంగా పెరుగుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది, రెండు మూడు గంటలకు మళ్లీ ఆకలి, బద్ధకం. నీరసంతో పాటు చెమటలు, చేతులు వణకడం ఉంటే మాత్రం ఊహించుకుంటూ కూర్చోకుండా ఆ సమయంలోనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి.

మరి ఏం చేయాలి? ముద్దను 40 గ్రాములకు తగ్గించి, రెండే తినండి. కార్బోహైడ్రేట్లు 90 నుంచి 40కి దిగుతాయి. ఖాళీ అయిన చోట రెండు ఉడికించిన గుడ్లు, లేదంటే ఉడికించిన చిక్కుడు గింజలో సోయా గింజలో ఓ కప్పు పెట్టుకోండి. వాటితో పాటు ఒక గిన్నెడు కూరగాయలు. తినే వరస కూడా ముఖ్యమే. ముందు కూరగాయలు, తర్వాత గుడ్డు, చివర్లో బన్ను. అదే తిండిని ఈ వరసలో తిన్నప్పుడు భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. ఖర్చు లేని చిట్కా ఇది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మందుచీటీ రాయడానికి ముందే చెబుతుంటాను.

లోపల ఏదైనా పెట్టి చేసే బన్ను అయితే పని ఇంకా తేలిక. పైపొర పల్చగా, లోపలి కూర దండిగా ఉండేలా చుట్టండి. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, పుట్టగొడుగులు, గుడ్డు పొరటు, చికెన్ కీమా ఏదైనా బాగుంటుంది. క్యాబేజీకి కాస్త ఉప్పు పట్టించి, పది నిమిషాలాగి నీళ్లు గట్టిగా పిండేయండి, లేకపోతే బన్ను అడుగు ముద్దయిపోతుంది. ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టినవి మాత్రం ఎప్పుడైనా ఒకటి. గింజలే కదా అనుకుంటారు గానీ, కొనే ముద్దలో పంచదార చాలా ఎక్కువ.

గోధుమపిండి కలపొచ్చా అని మీరు అడగలేదు, కానీ తర్వాతి ఉత్తరం అదే అయి ఉంటుంది! కలపొచ్చు. మొదట మూడో వంతు, అలవాటయ్యాక సగం. పొట్టుతో ఆడించిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది కాబట్టి ముద్ద కాస్త జారుగా కలపాలి. మొత్తం గోధుమపిండితో చేస్తే బన్ను బరువుగా, కాస్త గట్టిగా వస్తుంది, ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తారు. పీచు, బి విటమిన్లు, మెగ్నీషియం పెరగడం నిజమైన లాభమే. కానీ గోధుమపిండి కదా అని నాలుగు తింటే షుగర్‌కు ఒరిగేదేమీ లేదు. కొనే బన్నుల్లో రంగు చూసి మోసపోవద్దు. క్యారమెల్ రంగుతోనో బెల్లంతోనో కూడా గోధుమ రంగు వస్తుంది. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు ఏముందో చూడండి. ఎక్కువ బరువున్నదే ముందు రాస్తారు.

టీలో పంచదార మానేయండి, లేదా అర చెంచాకు తేండి. తిన్న తర్వాత కూర్చోకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి. కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి.

ఈ మార్పులు మీ శరీరంలో ఎంత పని చేస్తున్నాయో మీరే కొలుచుకోవచ్చు. ఒక రోజు పాత పద్ధతిలో తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలు లెక్కేసి షుగర్ చూడండి. ఇంకో రోజు కొత్త పద్ధతిలో తిని, అలాగే చూడండి. రెండు గంటలకు 140 లోపు ఉంటే నిశ్చింత. మళ్లీ మళ్లీ 180 దాటుతుంటే ఆ అంకెలు రాసుకుని మీ డాక్టర్‌కు చూపించండి. ఇద్దరు మనుషులు ఒకే బన్ను తిన్నా అంకెలు ఒకేలా ఉండవు. నా మాట కంటే మీ మీటర్ మాటే ఎక్కువ నమ్మండి.

ఈస్ట్ మీద మీ అనుమానం చాలామందికి ఉంటుంది. దాదాపు 60 డిగ్రీల వేడికే ఈస్ట్ చచ్చిపోతుంది. ఉడికిన బన్ను మధ్యభాగం అంతకన్నా చాలా వేడెక్కుతుంది కాబట్టి కడుపులోకి వెళ్లి అది మళ్లీ పొంగడం జరగదు. ఉబ్బరానికి అసలు కారణం చాలాసార్లు గోధుమలోని ఫ్రక్టాన్లు అనే ఒక రకం కార్బోహైడ్రేట్లు. ఇవి చిన్న పేగులో అరగవు, పెద్ద పేగులోని బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. పిండిని త్వరత్వరగా పొంగించకుండా ఈస్ట్ తగ్గించి రాత్రంతా ఫ్రిజ్‌లో నెమ్మదిగా పులియనిస్తే ఫ్రక్టాన్లు కొంత తగ్గుతాయి, రుచి కూడా బాగుంటుంది. మూడుకు బదులు చిన్నవి రెండు తిన్నా తేడా తెలుస్తుంది. టీలోని పాలు ఒంటికి పడకపోవడం మరో కారణం కావచ్చు, ఓ వారం పాలు లేకుండా తాగి చూడండి.

ఉబ్బరంతో పాటు తరచూ విరేచనాలు, బరువు తగ్గడం, ఎంతకీ తగ్గని రక్తహీనత ఉంటే అది సీలియాక్ వ్యాధి, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు కావచ్చు. టీటీజీ అనే రక్తపరీక్ష చేయించాలి. పరీక్ష అయ్యేవరకు గోధుమ, మైదా మానకండి. ముందే మానేస్తే వ్యాధి ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. మలంలో రక్తం పడుతుంటే ఇవేవీ చూసుకుంటూ కూర్చోవద్దు, వెంటనే డాక్టర్‌ను కలవండి.

మీవారి విషయానికి వద్దాం. బీపీ ఉన్నవారు చూసుకోవాల్సింది సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే సుమారు 2000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదు. ఈస్ట్ ఒక్కదాంతో పొంగిన మామూలు బన్నులో అది తక్కువే. వంటసోడా ఒక్క టీస్పూన్‌లో మాత్రం 1200 మిల్లీగ్రాముల పైన సోడియం ఉంటుంది. పులుపు విరగడానికనో త్వరగా పొంగాలనో సోడా వేసే అలవాటుంటే మానేయండి. బన్ను మీద పసుపుపచ్చ మచ్చలు, సబ్బు లాంటి వాసన వస్తే సోడా ఎక్కువైనట్టే. సోడా క్షారగుణం వల్ల పిండిలోని బి1 విటమిన్ కూడా నశిస్తుంది. లోపలి కూరలో పోసే సోయాసాస్ మరీ ఉప్పు సరుకు, ఒక పెద్ద చెంచాలోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. అది తగ్గించి అల్లం, వెల్లుల్లి, మిరియాలతో రుచి తెచ్చుకోండి. ఫ్రోజెన్ బన్నులు కొంటే లేబుల్ మీద 100 గ్రాములకు 600 మిల్లీగ్రాముల సోడియం దాటినవి ఆయనకు వద్దు. సాసేజ్, హామ్ పెట్టినవైతే అసలు రోజువారీ తిండి కాదు. అలాంటి ప్రాసెస్డ్ మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది.

మీ అత్తగారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మెత్తగా ఉన్నది మింగడానికి సులువని అందరూ అనుకుంటారు. బన్ను అలా కాదు. వయసుతో, కొన్ని మందులతో నోరు ఎండిపోయినవాళ్లకు అది లాలాజలాన్ని పీల్చుకుని జిగురు ఉండలా మారి అంగిలికి అంటుకుంటుంది. పళ్లు లేనివాళ్లు సరిగా నమలకుండానే మింగేస్తే గొంతులో అడ్డుపడుతుంది. ఆవిడకు పెట్టేటప్పుడు చిన్న చిన్న ముక్కలు చేసి పాలలోనో సూప్‌లోనో నానబెట్టండి. నిటారుగా కూర్చుని తినాలి, ఒక ముక్క పూర్తిగా మింగాకే రెండోది. తింటూ మాట్లాడించకండి. తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వకండి. తినేటప్పుడు తరచూ దగ్గు, తిన్నాక గొంతు గరగరలాడటం, మాటిమాటికీ ఛాతీ ఇన్ఫెక్షన్లు వస్తుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించాలి. ఇంకో మాట. ఆ వయసులో కండలు కరిగిపోకుండా ఉండాలంటే శరీర బరువులో ప్రతి కిలోకు కనీసం ఒక గ్రాము ప్రొటీన్ కావాలి. కిడ్నీ సమస్య ఉంటే ఆ లెక్క డాక్టర్‌ను అడగాలి. ఒట్టి బన్నుతో ఆవిడ కడుపు నిండుతుంది కానీ ఒంటికి అందేది తక్కువ. మెత్తగా ఉడికిన గుడ్డో, చిక్కటి పెరుగో తప్పకుండా తోడుండాలి. వీలైతే కట్టుడు పళ్లు పెట్టించండి, తినగలిగే వాటి జాబితా పెరుగుతుంది.

మాంసం, గుడ్డు పెట్టిన బన్నులు మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్యలో 74 డిగ్రీలకు చేరాలి, విరిచి చూస్తే లోపల్నుంచి పొగలు రావాలి. ఫ్రీజర్‌లోవి బయట పెట్టి కరగనివ్వకుండా నేరుగా ఆవిరి గిన్నెలోకి వేయండి. మూత తీసేటప్పుడు మొహానికి దూరంగా, అవతలి వైపు నుంచి ఎత్తండి. ఆవిరి తగిలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు.

చివరగా మీ షుగర్. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల్లో, బరువు 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో డయాబెటిస్ ముప్పు 58 శాతం తగ్గింది. మీ బరువు ఎంతో ఉత్తరంలో రాయలేదు, ఎక్కువగా ఉంటే ఇదే లక్ష్యం పెట్టుకోండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. దాంతో పాటు కొలెస్ట్రాల్, బీపీ కూడా చూపించుకోండి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుగా రావచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి.