ఫాతిమా ఎవరి పేరు?

సందేహం: కాజీపేటలో ఫాతిమా నగర్ ఉంది, అక్కడి చర్చి ఫాతిమా మాతది. మా పక్కింటి ముస్లిం అమ్మాయి పేరూ ఫాతిమాయే. ఒకే పేరు రెండు మతాల్లోకి ఎలా వచ్చింది? అర్థమేమిటి? ఫాతిమా, ఫాతీమా, పాతిమా – ఏది సరి?

సమాధానం: రెండూ ఒకటే పేరు, పుట్టింది అరబ్బీలో. బిడ్డ చేత పాలు మాన్పించిన తల్లి అని అర్థం. అప్పుడే పుట్టిన ఆడపిల్లకు ఇదేం పేరు అనిపించవచ్చు. పసిబిడ్డలు దక్కడమే కష్టమైన ఆ కాలంలో పాలు మానే వయసు దాకా వచ్చారంటే ఒక గండం గడిచినట్టే. ఈ పిల్ల పెద్దదై తన బిడ్డలను అంతవరకూ క్షేమంగా పెంచుకోవాలన్న దీవెన ఆ పేరులో ఉందంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఇస్లాం రాకముందే ఈ పేరు వాడుకలో ఉంది. ముహమ్మద్ ప్రవక్త నాయనమ్మ పేరు కూడా ఫాతిమాయే. తనను ప్రేమించేవారిని నరకాగ్నికి దూరం చేసేది అనే అర్థం తర్వాత భక్తులు చెప్పుకున్నది.

పేరుకు ఇంత గౌరవం తెచ్చింది ప్రవక్త కూతురు. ఆమె అలీ భార్య, హసన్ హుసేన్‌ల తల్లి. 632లో తండ్రి పోయిన కొద్ది నెలలకే కన్నుమూసింది. హైదరాబాద్‌లో మొహర్రం పదో రోజున ఏనుగు మీద ఊరేగే బీబీ కా ఆలంలో 'బీబీ' ఈమే. మన పల్లెల్లో పీర్ల పండక్కి గుండం చుట్టూ ఆడుతూ తలుచుకునే అసన్న, ఉసేనన్న ఈ తల్లి కొడుకులే.

ఫాతిమా మాత పేరు మాత్రం ఊరి నుంచి వచ్చింది, మన గుణదల మాతకు వచ్చినట్టే. పోర్చుగల్‌లో ఫాతిమా అనే ఊరుంది. ఆ దేశంలో చాలా భాగం కొన్ని శతాబ్దాలు ముస్లింల ఏలుబడిలో ఉంది. బందీగా పట్టుబడి, క్రైస్తవం పుచ్చుకుని పెళ్లాడిన ఒక ముస్లిం రాకుమారి పేరే ఆ ఊరికి పెట్టారని అక్కడి ఐతిహ్యం. 1917లో మే 13 నుంచి అక్టోబర్ 13 వరకు అక్కడ గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలకు మరియమ్మ కనిపించిందని కథోలికుల విశ్వాసం. అప్పటినుంచి ఫాతిమా మాత.

ఇక రాత సంగతి. మన హాజరు, వారసు అరబ్బీలో హాజిర్, వారిస్. ఫాతిమా కూడా ఆ మూసలోదే: మొదట దీర్ఘం, తర్వాత హ్రస్వం. కాబట్టి 'తీ' అక్కర్లేదు. 'ఫ' తెలుగు నోటికి కొత్త గనక పల్లెల్లో పాతిమాబీ అంటారు. ఆ పిలుపులో తప్పేం లేదు. బడి రికార్డులో మాత్రం అలా రాయకండి. రేపు సర్టిఫికెట్, ఆధార్ కలవకపోతే టెన్షన్ పడేది ఆ పిల్లే.