నలభై అయిదేళ్ళకు లా కాలేజీ, ఇంట్లో ఎలా చెప్పను?

ప్రశ్న: అక్కా, నాకు 45 ఏళ్ళు. నిజాంపేటలో ఉంటాం. బీకాం అయ్యాక రెండేళ్ళు ఒక ఆడిటర్ దగ్గర పనిచేసి, బాబు కడుపున పడ్డాక మానేశాను. వాడిప్పుడు వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, పాప ఇంటర్ మొదటి సంవత్సరం. మావారు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. దేనికీ లోటు లేదు. కానీ రెండేళ్ళుగా మనసు ఒకచోట నిలవడం లేదు, రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, చిన్న మాటకే అరిచేస్తున్నాను. కేకుల క్లాసు, వాట్సాప్‌లో చీరల అమ్మకం, యోగా టీచర్ ట్రైనింగ్, అన్నీ మొదలుపెట్టి వదిలేశాను. పోయినేడు మా బిల్డర్ అగ్రిమెంటులో రాసిన పార్కింగ్ ఇవ్వకపోతే నేనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి, లాయరు లేకుండా నేనే మాట్లాడి గెలిచాను. కేసు నడిచినన్నాళ్ళూ నేను ఎంత హుషారుగా ఉన్నానో చెప్పలేను. ఇప్పుడు లా చదవాలని ఉంది. మావారు ‘ఇదీ నాలుగు నెలల ముచ్చటేగా’ అన్నారు. పాప ‘నువ్వు కాలేజీకా?’ అని నవ్వింది. ఇది పిచ్చి ఆలోచనా అక్కా?
– పేరు రాయవద్దన్న సోదరి, హైదరాబాద్

జవాబు: పిచ్చి ఆలోచన కాదమ్మా. ముందు వయసు సంగతి తేల్చేద్దాం. 1993లో లాయర్ల వృత్తికి నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 45 ఏళ్ళు నిండినవాళ్ళను లాయర్లుగా నమోదు చేసుకోకూడదని నిబంధన పెట్టింది, సరిగ్గా మీ వయసే. 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మూడేళ్ళ ఎల్ఎల్‌బీలో చేరాలంటే 30 దాటకూడదన్నారు, దానిమీదా 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. లా కాలేజీలో చేరడానికి పెట్టే ప్రవేశ పరీక్ష, తెలంగాణ లాసెట్ రాయడానికి గరిష్ఠ వయసు లేదు. డిగ్రీలో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే చాలు. పరీక్ష 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, అందులో సగం మీకు చట్టం చదివే నేర్పు ఎంతుందో చూసేవి. లాయరు సాయం లేకుండా కేసు నడిపినావిడ వాటికి భయపడనక్కర్లేదు. జనరల్ నాలెడ్జి, వర్తమాన విషయాలు మాత్రం రోజూ పేపరు చదివి తయారవ్వాలి.

ఇక మీవారి మాట. ఆ మాట మీకు గుచ్చుకుంది, నాకు తెలుసు, ఎందుకంటే మీరూ లోపల అదే అనుకుంటున్నారు. ఒక పని చేయండి. కేకులు, చీరలు, యోగా, ఒక్కొక్కటీ ఏ నెలలో మానేశారో, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో రాసుకుని చూడండి. బాబు ఎంట్రన్స్ పరీక్షలా, అత్తయ్యగారికి ఒంట్లో బాగోకపోవడమా, ఆడపడుచు ఇంట్లో పెళ్ళా? కేకులు, చీరలు, యోగా మూడూ ఇంటిపని అంతా అయ్యాక మిగిలిన రెండు గంటల్లో చేసుకునే పనులు. ఇంట్లో ఏ అవసరం వచ్చినా ముందు పోయేది ఆ రెండు గంటలే. పార్కింగ్ కేసు అలా కాదు. దానికి వాయిదా తేదీ ఉంది, ఆ రోజు మీరు వెళ్ళి తీరాలి. మరి ఆ రోజుల్లో మధ్యాహ్నం అత్తయ్యగారికి అన్నం ఎవరు పెట్టారు? ఎవరో పెట్టారు కదా! మీకు నిలకడ లేదని ఇంకెప్పుడూ అనుకోకండి. మీకంటూ ఒక సమయం దొరికిన పనిని చివరిదాకా లాక్కొచ్చారు.

అందుకే ఎల్ఎల్‌బీ మీకు మంచిదంటాను. దాన్ని దూరవిద్యలో చేయడం కుదరదు, కాలేజీకి వెళ్ళాల్సిందే, ఒక్కో సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. చాలామంది గృహిణులు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. నా మాట వేరు. ఆ నిబంధన మీ పక్షాన ఉన్నట్టే, కోర్టు వాయిదా ఉన్నట్టే.

కానీ ఇంట్లో పనులు మారకుండా మీరొక్కరే మారాలని చూస్తే మాత్రం కష్టం. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా నేను పీజీలో చేరాను. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని నాలుగింటికి లేచి రెండు పూటల వంటా చేసేసి వెళ్ళేదాన్ని, అందరూ ఎంత ఓపిక అని మెచ్చుకునేవాళ్ళు, రెండో ఏడు రక్తహీనతతో వారం ఆస్పత్రిలో పడ్డాను. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, నేను అడగలేదంతే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు అడగండి. లా చదవనా అని కాదు, మంగళవారం పొద్దున టిఫిన్ ఎవరు చేస్తారు అని. ఒక కాగితం మీద ఏడు రోజులూ గీసి అత్తయ్యగారి మందులు, పాప బాక్సు, కూరగాయలు, బట్టలు, ఒక్కొక్కదాని పక్కన ఒక పేరు రాసి ఆదివారం మీవారి ముందు పెట్టండి. ఆయన ఎనిమిదింటికే వెళ్తారు సరే, ఏడింటికి ఇంట్లోనే ఉంటారుగా. పాపకు పదహారేళ్ళు, తన బాక్సు తను కట్టుకోగలదు. ఒక పూటకు వంటమనిషిని పెట్టుకోగలిగితే పెట్టుకోండి, అది దుబారా కాదు, ఆ డబ్బు కూడా మీ చదువు ఖర్చులో భాగమే.

అత్తయ్యగారికి మాత్రం అందరికంటే ముందు మీరే చెప్పండి. ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు, అదే మీరు పక్కన కూర్చుని చెప్తే ఆవిడే మీకు అండగా ఉండొచ్చు.

మూడింటికి మెలకువ రావడం, విసుగు, ఇవన్నీ మనసువే అని వదిలేయకండి. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకు నెలసరి ఆగిపోతుంది, అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే నిద్ర చెడుతుంది, కోపం వస్తుంది. గైనకాలజిస్టును కలవండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. కాలేజీలో చేరకముందే ఈ పని అవ్వాలి.

చదువయ్యాక ఏమిటన్నది కూడా దాచకుండా చెప్తాను. జూనియర్ సివిల్ జడ్జి లాంటి పోస్టులకు వయసు పరిమితి ఉంది, అవి మీకు రావు. సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి కొన్నేళ్ళు చేతికి వచ్చేది చాలా తక్కువ. ఇంటి ఖర్చులకు మీ సంపాదన అత్యవసరమైతే నా సలహా వేరేగా ఉండేది. ఒక ఊరట ఏమిటంటే, బార్ కౌన్సిల్‌లో నమోదుకు జనరల్ వాళ్ళ దగ్గర 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీల దగ్గర 125కు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత లాయరుగా పనిచేయాలంటే ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

లాసెట్ దాకా ఖాళీగా కూర్చోకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి పారా లీగల్ వాలంటీర్లను, అంటే న్యాయసాయం కోసం వచ్చేవాళ్ళకు తోడ్పడేవాళ్ళను, ఎప్పుడు తీసుకుంటారో అడగండి, ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. అక్కడ ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారని మనలో ఎంతమందికి తెలుసు? అలాంటివాళ్ళ పక్కన కూర్చుని అర్జీ రాసిపెడితే ఈ పని మీకు నిజంగా నచ్చుతుందో లేదో నెల రోజుల్లో తెలిసిపోతుంది. పార్కింగ్ కేసులో గెలిచిన హుషారు వేరు, పక్కవాళ్ళ కష్టం రోజూ వినడం వేరు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 51. పదో తరగతి పాసవ్వగానే పెళ్ళి చేశారు. ఇంటర్ కట్టమంటే ‘ఇప్పుడా, నలుగురూ నవ్వుతారు’ అంటోంది. ఎలా ఒప్పించాలి?
– ఒక కూతురు, మంగళగిరి

జవాబు: ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్ కట్టడానికి పైవయసు పరిమితి లేదమ్మా. రోజూ క్లాసులకు వెళ్ళక్కర్లేదు, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పాసవ్వొచ్చు. సిగ్గు సంగతికొస్తే, అమ్మకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెప్పండి. రాజమండ్రిలో పుట్టిన ఆవిడకు ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాక మెట్రిక్ కట్టారు, 1942లో లా డిగ్రీ తీసుకున్నారు, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను మద్రాసులో తన దగ్గర కూర్చోబెట్టుకుని మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు.

మీరే ఫారం నింపి, ఫీజు కట్టేసి వచ్చి చెప్పకండి, అప్పుడది మీ కోరిక అవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్ ఎక్కడుందని ఊరికే అడిగి చూడండి. బీరువాలో ఏ అరలో ఉందో వెతక్కుండా తీసి చూపించారంటే, ఫారం మీద పేరు ఆవిడ చేతే రాయించండి.