నిశ్చితార్థపు ఉంగరం: చీటీ ఉంది, బిల్లు లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి నిశ్చితార్థానికి విశాఖపట్నంలోని ఒక దుకాణంలో అల్లుడి కోసం 6 గ్రాముల ఉంగరం కొన్నాం. వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూసి అమ్మాయే ఎంపిక చేసింది. 22 క్యారెట్లని చెప్పి 42 వేలు తీసుకున్నారు. అందులో 5 వేలు ఫోన్‌పేలో అడ్వాన్సు, మిగతాది నగదు. బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదన్నారు, సరేనని తెల్లచీటీ తీసుకున్నాం. పంతొమ్మిది నెలలైంది. ఉంగరం బిగుతైందని ఇక్కడి కంసాలికి చూపిస్తే గీటురాయి మీద గీసి 18కి మించదన్నాడు. అప్పటినుంచి మా వియ్యపురాలు నలుగురిలో పిల్లను దెప్పిపొడుస్తోంది. చీటింగ్ కేసు పెట్టొచ్చా? అందుకు విశాఖ వెళ్లాలా? తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయిస్తానని మా బావమరిది అంటున్నాడు. రాయించమంటారా?

జవాబు: వియ్యపురాలు ఏమందో వివరంగా రాశారు. ఉంగరం లోపలి వైపు ఏముందో మాత్రం రాయలేదు. మీ కేసు నిలిచేదీ పడిపోయేదీ అక్కడే.

భూతద్దం పెట్టి చూడండి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే హాల్‌మార్క్ నంబరు) ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరింటి నంబరు లేకుండా బంగారు నగ అమ్మకూడదు. 2 గ్రాముల లోపు నగలకూ, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న దుకాణాలకూ మినహాయింపు ఉంది. మొదటిది మీ ఉంగరానికి వర్తించదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. ఏ నగ, ఎంత స్వచ్ఛత, ఏ వ్యాపారి, ఏ కేంద్రంలో ముద్ర పడింది అన్నీ వస్తాయి. చేతిలో ఉంగరం ఉండి యాప్ గొలుసు అని చూపిస్తే ఆ ముద్ర దొంగది. స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

యాప్‌లో 22 అని ఉండి పరీక్షలో తక్కువ తేలితే బీఐఎస్ రూల్స్ 2018లోని 49వ రూలు మీకు అండ. తగ్గిన స్వచ్ఛత విలువకు రెండింతలు, పైన పరీక్ష ఖర్చు ఇవ్వాలి. 22 క్యారెట్ల 916కీ 18 క్యారెట్ల 750కీ తేడా వెయ్యికి 166 పాళ్లు. 6 గ్రాముల్లో అది దాదాపు ఒక గ్రాము మేలిమి బంగారం. ఒకవేళ ముద్రే 18కె750 అయితే దారి వేరు. అప్పుడు 18ని 22 అని చెప్పి అమ్మారని మీరే రుజువు చేయాలి, అందుకు ఆ చీటీ కావాలి.

కంసాలి మాట వినియోగదారుల కమిషన్‌లో చెల్లదు. బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రం రిపోర్టు తీసుకోండి. అంతవరకూ ఉంగరాన్ని సైజు పెంచనివ్వకండి. పెంచాలంటే కోసి, ముక్క వేసి, అతికి, ఆకురాయి పడతారు. లోపలి ముద్ర చెరిగిపోతుంది, అతుకు లోహం వల్ల పరీక్షలో స్వచ్ఛతా తగ్గి కనిపిస్తుంది. ‘మేం అమ్మింది ఇది కాదు’ అని దుకాణం వాళ్లు చేతులు దులిపేసుకుంటారు. అలాగే ‘తీసుకురండి, కరిగించి కొత్తది చేసిస్తాం’ అంటే బరువు, ముద్ర, తేదీ రాసిన రసీదు లేకుండా చేతికివ్వకండి. కరిగాక మీ దగ్గర సాక్ష్యమే ఉండదు.

ఇక బావమరిది సలహా. వద్దు. ఆ బిల్లు పెడితే ఉంగరాన్ని ఆ తెలిసిన షాపులో కొన్నట్టు మీరే ఒప్పుకున్నట్టు, విశాఖ దుకాణం మీద కేసు ఆ రోజే పోతుంది. పైగా కేసు కోసం దొంగ సాక్ష్యం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 229 కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు. మీతోపాటు ఆ షాపతనూ ఇరుక్కుంటాడు.

3 శాతం జీఎస్టీ అంటే మీ ఉంగరానికి 1,260 రూపాయలు. అంత మాత్రానికి ఎవరైనా బిల్లు వదులుకుంటారా? అయినా దారి మూసుకుపోలేదు. బిల్లు లేనంత మాత్రాన మీరు వినియోగదారుడు కాకుండా పోరు. ఫోన్‌పే చెల్లింపు చూపించే బ్యాంకు స్టేట్‌మెంటు, తెల్లచీటీ, మీ అమ్మాయి ఫోన్‌లో ఆ దుకాణంతో జరిగిన వాట్సాప్ సంభాషణ మూడూ కలిస్తే బలమైన రుజువు. ఫొటో కింద ‘916’ అని రాసి పంపి ఉంటే ఇంకా మంచిది. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

కేసు పెట్టడానికి విశాఖ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే రాయగడ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. తెలుగు చీటీకి మాత్రం ఇంగ్లీషు అనువాదం జతచేయాలి, సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఇది మరిచి వాయిదాలు పోగొట్టుకుంటున్నారు. చీటింగ్ కేసు ఇప్పుడే వద్దు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని నిరూపించాలి, రిపోర్టు రాకుండా అది తేలదు.

గడువు రెండేళ్లు. లోపం తెలిసిన రోజు నుంచి అని వాదించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి, కొన్న రోజు నుంచే లెక్కపెట్టుకోండి. మీకు ఐదు నెలలుంది. నోటీసు ఇచ్చినా, 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినా, దుకాణం వాళ్లతో మాటలు నడుస్తున్నా గడువు ఆగదు. ఈ వారమే వియ్యంకుడు గారితో మర్యాదగా మాట్లాడి ఉంగరం తెప్పించుకోండి, పరీక్ష చేయించి తిరిగి ఇస్తామని చెప్పండి. రిపోర్టు చేతికి రాగానే పదిహేను రోజుల గడువుతో దుకాణానికి నోటీసు పంపండి. జవాబు రాకపోతే పదహారో రోజున రాయగడ కమిషన్‌లో ఫిర్యాదు వేయండి.