సహాయానికి వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పేదలకు సాయం చేసే కతోలికుల సేవాసంఘం విన్సెంట్ డి పాల్ సభలో చేరి పేదల ఇళ్లకు వెళ్తున్నావని రాశావు, సంతోషం. కానీ "వాళ్లను చూశాక దేవుడు నాకెంత మేలు చేశాడో తెలిసొచ్చింది" అన్నావు చూడు, ఆ మాట నాకు మింగుడుపడలేదు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే కదమ్మా! నేను ఇతరుల్లాంటివాణ్ణి కానందుకు వందనాలు అన్నాడు. ప్రభువు మెచ్చింది మాత్రం దూరంగా నిలబడి గుండెలు బాదుకున్న సుంకరిని, అంటే అందరూ పాపిగా చూసే పన్నులు వసూలు చేసేవాణ్ణి. పక్కవాళ్ల లేమితో మన కలిమిని కొలుచుకుంటే, మన సంతోషానికి వాళ్ల పేదరికం అవసరమైపోతుంది. పైగా దేవుడు నిన్ను ఎంచుకుని వాళ్లను వదిలేశాడన్న అర్థం వస్తుంది. ఆ మాట వాళ్ల ఎదుట అనగలవా?

నీకున్న చదువుకు, ఆరోగ్యానికి థాంక్స్ చెప్పొద్దని కాదు. దేనికి చెబుతున్నావో దాని పేరు పెట్టి చెప్పు, ఎవరితోనూ పోల్చకుండా. ఆపైన నీ దగ్గర ఊరికే పడి ఉన్నదేంటో చూసుకో. మనకున్నది పేదలతో పంచుకోకపోవడమంటే వాళ్లను దోచుకోవడమేనని 4వ శతాబ్దంలోనే పునీత యోహాను క్రిసోస్తము అన్నారు. శ్రీసభ (కతోలిక సంఘం) బోధలను కూర్చిన సత్యోపదేశం అనే గ్రంథంలో ఆ మాట ఇప్పటికీ ఉంది. కాబట్టి నువ్వు ఇచ్చేది బాకీ కిందే లెక్క.

మీ సభను 1833లో పారిస్‌లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టినప్పుడు ఫ్రెడరిక్ ఓజనామ్‌కు 20 ఏళ్లు. డబ్బు పంపి ఊరుకోకుండా ఇంటికి వెళ్లి పలకరించడం అప్పటినుంచీ మీ పద్ధతి. వెళ్లినప్పుడు తొందరపడకుండా కూర్చో. వాళ్లు ఏదైనా ఇస్తే వద్దనకుండా తీసుకో, ఇచ్చే అవకాశం వాళ్లకూ ఉండాలి. చర్చిలో పూజకు వస్తున్నారా అని ఆరా తీయకు. సరుకుల సంచి అందిస్తూ ఫోటోలు అసలే వద్దు (ఈమధ్య ఈ పిచ్చి మరీ ఎక్కువైంది). నువ్వు కట్టుకోలేని చిరుగుల బట్టలు వాళ్లకూ పనికిరావు.

ఇంకొకటి, కొంచెం ఘాటుగానే ఉంటుంది. 13వ లియో పోపుగారు 1891లో విశ్వలేఖగా రాసిన బోధనా ఉత్తరంలో, ఒకరికి రావలసిన కూలి ఎగ్గొట్టడం ఘోరమైన నేరమన్నారు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం నెలనెలా ఆలస్యమవుతోందని మీ అమ్మే చెప్పింది. ముందు ఆవిడ డబ్బులు ఆవిడకిచ్చెయ్. సభకు చందా ఆ తర్వాత వేద్దువుగాని.

ఉంటాను,
అత్తయ్య