అంచు మొత్తం కనబడిందా అని అడుగు

విజయనగరం

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గర్భాశయ ముఖద్వారంలో సీఐఎన్‌-2, అంటే కణాల్లో మధ్యరకం మార్పు ఉందన్నారని, నీకు పిల్లలు కావాలంటే డాక్టరు గారు కాంతి చికిత్స మాట ఎత్తారని రాశావు. ముందు ధైర్యంగా ఉండు, అది క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ అటువైపు నడిచే మార్పు. కంగారుపడి ఈ వారమే తేల్చుకోనక్కరలేదు. అలాగని వరి కోతలయ్యాక చూద్దామనీ అనుకోకు.

కాంతి చికిత్సలో ముఖద్వారానికి మందు రాసి, కొన్ని గంటలు ఉంచి, 635 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తారు. మందు పట్టిన చెడు కణాలు ఆ వెలుగుకు చనిపోతాయి. కోత ఉండదు. లీప్‌తో, అంటే కరెంటు తీగతో, లోతుగా కోసి తీస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది, అందుకే నీకు దీని మీద మనసు పోయింది. కానీ క్రయో (గడ్డకట్టించి చెడు కణాలను చంపడం), లీప్ లాంటివాటికి ఉన్నంత అనుభవం దీనికి ఇంకా లేదు.

మందూ వెలుగూ మచ్చ చివరిదాకా చేరాలి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే. నర్సుగా ముప్పై ఏళ్లు చూశాను. ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని అద్ది ఒక నిమిషం ఆగితే, గులాబీ రంగు మీద తెల్లటి మచ్చ తేలుతుంది. కొందరిలో దాని అంచు చుట్టూ స్పష్టంగా కనబడుతుంది. కొందరిలో లోపలి కాలువలోకి దూరి మాయమవుతుంది. అలా దూరినదాన్ని కాంతికి వదిలేయకూడదు. ‘అంచు మొత్తం కనబడిందా, కాలువ లోపలి నుంచి కూడా తీసి పరీక్షించారా’ అని అడుగు. లేదని చెబితే లీప్‌కే ఒప్పుకో తల్లీ, మొహమాటపడకు.

మచ్చ పెద్దదైనా, అంతకన్నా ముదిరిన సీఐఎన్‌-3 అయినా, ఈ మార్పు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌లో 16వ రకం ఉన్నా రోగం మొండికేస్తుంది. నీ రిపోర్టులో ఏ రకమో చూడు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకో, రోగనిరోధక శక్తి తగ్గితే హెచ్‌పీవీ తొందరగా పోదు. నెలసరి రోజుల్లో చికిత్స కుదరదు. ఒక్కసారితో అయిపోదు, చాలాసార్లు వెళ్లాల్సి వస్తుంది. సోంపేటలో రైలెక్కే ఖర్చు ముందే లెక్క వేసుకో, మధ్యలో ఆపేస్తే చేసిందంతా వృథా.

ఇంకొకటి. మీ అత్తగారి పక్కన కూర్చుని అడ్డపొగ, అదే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, నీకూ అలవాటైందని విన్నాను. ఆమెకు ఎదురు చెప్పలేవని తెలుసు, కానీ నీ చుట్ట మాత్రం ఈరోజే పారేయ్. పొగ ఈ జబ్బును మానకుండా పట్టి ఉంచుతుంది.

చికిత్స అయ్యాక నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. కొన్ని నెలలకు హెచ్‌పీవీ పరీక్ష, ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ పరీక్ష చేస్తారు, వాటితోనే తేలుతుంది. గర్భం విషయం ఆ తర్వాతే.

బయాప్సీ కాగితం ఫొటో తీసి రేపే పంపించు. కిందటి నెలసరి తేదీ కూడా రాయి. నువ్వు చికిత్సకు వెళ్లే రోజుకు నేను వచ్చి నీతో డాక్టరు గారి దగ్గర కూర్చుంటాను.

నీ పెద్దమ్మ