‘అబ్జెక్ట్’ పక్కన ‘టు’ ఎందుకు?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్తే. నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. కాలువ కోసం మా ఊళ్లో భూములు తీసుకుంటామని నోటిఫికేషన్ వచ్చింది. మా నాన్నగారి రెండెకరాల మాగాణి అందులో పోతోంది. అభ్యంతరాలుంటే రాసివ్వమంటే నేనే ఇంగ్లీషులో రాశాను: ‘వీ ఆర్ అబ్జెక్టింగ్ ద అక్విజిషన్. వీ అబ్జెక్ట్ టు గివ్ అవర్ ల్యాండ్.’ మా బాబాయి చూసి ‘అపోజ్ టు’ అని మార్చమన్నారు. మా సీనియర్ అక్క ‘రెసిస్ట్’ అయితే గట్టిగా ఉంటుందంటోంది. ఏది రాయాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు ఎంచుకున్న క్రియే సరైనది. దాన్ని మార్చకండి. 2013 భూసేకరణ చట్టంలో 15వ సెక్షన్ అభ్యంతరాల గురించే. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా భూమితో సంబంధం ఉన్నవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ సెక్షన్ వాడిన మాట ‘అబ్జెక్ట్’. చట్టం మీకు ఏ మాటతో హక్కు ఇచ్చిందో ఆ మాటతోనే అడగడం మంచిది. అన్నట్టు, మీ నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూడండి. జాతీయ రహదారుల చట్టం కింద వచ్చేవాటికి గడువు 21 రోజులే.

ఇక వాక్యం సంగతి. ‘అబ్జెక్టింగ్ ద అక్విజిషన్’లో ‘టు’ లేదు, అది ఉండాలి. బాబాయిగారు చెప్పిన ‘అపోజ్ టు’లో ‘టు’ ఉంది, అది ఉండకూడదు. ఇది గుర్తు పెట్టుకోవడానికి నా విద్యార్థులకు వ్యాకరణ పుస్తకం కంటే తెలుగే ఎక్కువ సాయపడేది. సేకరణకు అభ్యంతరం చెప్తాం. ఆ ‘కు’ ఉన్నచోట ‘టు’ వస్తుంది: ‘వీ అబ్జెక్ట్ టు ద అక్విజిషన్.’ సేకరణను వ్యతిరేకిస్తాం. ‘ను’ ఉంది కాబట్టి ఇంగ్లీషులో ఏమీ రాదు: ‘వీ అపోజ్ ద అక్విజిషన్.’ మేం సేకరణకు వ్యతిరేకం అన్నామనుకోండి, మళ్లీ ‘కు’ వచ్చింది: ‘వీ ఆర్ అపోజ్డ్ టు ద అక్విజిషన్.’ బాబాయిగారి చెవిలో ఉన్నది ఈ మూడో వాక్యమే అయి ఉంటుంది. ‘మీతో ఏకీభవించను’లోని ‘తో’ కూడా ఇంతే: ‘ఐ డిజగ్రీ విత్ యు.’ ప్రతి క్రియకూ ఈ లెక్క పనిచేయదు, కానీ వీటికి చక్కగా సరిపోతుంది.

మన తెలుగు సాయపడనిది మీ రెండో వాక్యం దగ్గర. ‘అబ్జెక్ట్ టు గివ్’ అనకూడదు, ‘అబ్జెక్ట్ టు గివింగ్’ అనాలి. ‘రెఫ్యూజ్ టు గివ్’ మాత్రం సరైనదే. రెండింట్లోనూ ‘టు’ ఒకేలా కనిపిస్తుంది కాబట్టే ఇంత తికమక. పరీక్షించడం సులువు. ఆ ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ అబ్జెక్ట్ టు ఇట్’ నిలబడుతుంది. ‘ఐ రెఫ్యూజ్ టు ఇట్’ నిలబడదు. ‘ఇట్’ నిలబడిన చోట క్రియకు ‘ఇంగ్’ చేర్చండి.

అర్థంలోనూ తేడా చాలా ఉంది. మన గుంటూరు వైపు చరిత్రలోనే చూడండి. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు జనం పన్నుల భారానికి అభ్యంతరం చెప్పారు. అక్కడిదాకా ‘అబ్జెక్టెడ్ టు’. వినకపోయేసరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెల్లో కాపురం పెట్టారు. అది అభ్యంతరం దాటిపోయిన పని. 1921–22లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నిలబడి శిస్తు కట్టలేదు: ‘దే రెఫ్యూజ్డ్ టు పే.’ అక్కడ ‘అబ్జెక్టెడ్ టు పేయింగ్’ అని రాస్తే ఆ రైతుల తెగువను తగ్గించినట్టే. అభ్యంతరం చెప్పి కూడా పన్ను కట్టేవాళ్లుంటారు కదా. ఈ తేడా పిల్లలకు చెప్పకుండా పర్యాయపదాలని బట్టీ పట్టించే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అందుకే ‘రెసిస్ట్’ వద్దంటున్నాను. మీ అక్క చెప్పినట్టు అది గట్టి మాటే. కానీ ఎదురు నిలిచి అడ్డుకోవడం అనే అర్థం అందులో ఉంది. ప్రభుత్వ ఉద్యోగి చట్టప్రకారం ఆస్తిని స్వాధీనం చేసుకుంటుంటే అడ్డుకోవడాన్ని పాత ఐపీసీ 183వ సెక్షన్ నేరంగా చెప్పింది. అక్కడ వాడిన నామవాచకం ‘రెసిస్టెన్స్’. న్యాయంగా అడిగే అర్జీలో ఆ వాసన రాకూడదు. ఇంట్లో మాటల్లో అయితే హాయిగా వాడండి. ‘ఐ కుడ్‌న్ట్ రెసిస్ట్ బైయింగ్ ఇట్’ అంటే కొనకుండా ఉండలేకపోయానని.

‘వీ ఆర్ అబ్జెక్టింగ్’ కూడా వద్దు. మనం ‘చెప్తున్నాం’ అంటాం కాబట్టి ‘ఇంగ్’ పెట్టాలనిపిస్తుంది. అర్జీలో ‘వీ అబ్జెక్ట్’ అంటేనే తేటగా ఉంటుంది. చదివేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద, ‘జెక్ట్’ మీద పడాలి. మొదటి అక్షరం మీద పడితే అది వస్తువు అనే నామవాచకం అవుతుంది.

మీ వాక్యాన్ని ఇలా మారుద్దాం: ‘వీ అబ్జెక్ట్ టు ద అక్విజిషన్ ఆఫ్ అవర్ ల్యాండ్ ఆన్ ద గ్రౌండ్ దట్ ఇట్ ఈజ్ అవర్ ఓన్లీ సోర్స్ ఆఫ్ లైవ్‌లీహుడ్.’ మీకు వేరే ఆదాయం ఉంటే ఈ కారణం రాయకండి, నిజమైనదే రాయండి. ‘ఆన్ ద గ్రౌండ్ దట్’ తర్వాత వచ్చే ముక్కే అధికారి చదవాల్సింది. భూమి విస్తీర్ణం, ఆ పనికి అది తగినదా కాదా, ప్రజాప్రయోజనం అని చూపిన కారణం సబబేనా, సామాజిక ప్రభావ అంచనాలో తేలిన విషయాలు: చట్టం వినమన్నది వీటినే. పక్కనున్న బీడు భూమి మీదుగా కాలువ వెళ్లే వీలుంటే సర్వే నంబర్లతో సహా రాయండి. ఆ రెండో వాక్యం, ‘గివ్’ అన్నది, పూర్తిగా తీసేయండి. ఇమ్మని మిమ్మల్ని అడగడం లేదు, వాళ్లు తీసుకుంటామంటున్నారు.

ఇంగ్లీషు రాకపోతే చెల్లదన్న భయం మాత్రం వద్దు. నాన్నగారు తెలుగులో చెప్పుకుంటేనే మనసులో మాట బాగా వస్తుందనుకుంటే తెలుగులోనే రాయండి. ఎలా రాసినా ఒక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. అభ్యంతరం చెప్పినవాళ్ల మాట కలెక్టరు వినాలి. వాళ్లు స్వయంగా వెళ్లవచ్చు, లేదా తమ తరఫున ఎవరినైనా పంపవచ్చు. నాన్నగారు ఒప్పుకుంటే మీరే వెళ్లండి. అక్కడ చెప్పాల్సిన మొదటి వాక్యం ఇది: ‘మై ఫాదర్ హాజ్ ఆథరైజ్డ్ మీ టు స్పీక్ ఫర్ హిమ్.’ ఇక్కడి ‘టు’ తర్వాత ‘ఇంగ్’ రాదు.